నలుగురున్నారు... ఎవరు వాయిస్తున్నారు?

పోయిన నెల ఇక్కడ సింథసైజర్ల గురించి రెండు ముక్కలు రాస్తే, ఒక పాఠకుడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మీరు చెప్పిన ఆల్బమ్ పెట్టాను. పది నిమిషాలైంది. పాట ఇంకా మొదలవలేదు. నా ఫోన్ హ్యాంగ్ అయిందా?"

ఫోన్ బాగానే ఉంది తమ్ముడూ. పాట అదే.

నవ్వొచ్చింది గానీ, అది తీసిపారేసే ప్రశ్న కాదు. పాటంటే మన చెవులకు ఒక లెక్క ఉంది. ముందు చిన్న బిట్టు, తర్వాత పల్లవి, చరణం, మధ్యలో మ్యూజిక్, మళ్లీ పల్లవి. రీల్స్ వచ్చాక పల్లవి కూడా పోయి హుక్ ఒక్కటే మిగిలింది. అలా అలవాటైన చెవిలో గొంతు లేని, దరువు లేని, ఎక్కడికీ పోయేలా కనిపించని ఒక మోత పోస్తే అది తికమకపడటం న్యాయమే. ఈ మోతకు యాంబియెంట్ అని పేరు. చుట్టూ గాలిలా, వెలుతురులా ఉండే సంగీతం అని అర్థం చెప్పుకోవచ్చు. చెవి పెట్టి వింటే వినొచ్చు, పట్టించుకోకుండా పని చేసుకుంటున్నా అదేమీ అనుకోదు.

ఈ వారం ఆ ఊళ్లో ఒక్క వీధికే వెళ్దాం. ఇద్దరో ముగ్గురో నలుగురో ఒక గదిలో కూర్చుని, సింథసైజర్లతో కలిసి చేసిన యాంబియెంట్. ఇంత తక్కువ జరిగే సంగీతానికి అంతమంది ఎందుకు? ఒక్కడు ఒక కీ నొక్కి, పైన బరువు పెట్టి, టీ తాగి వచ్చినా సరిపోతుంది కదా? నిజానికి ఈ సంగీతంలో అసలు సంగతి ఆ 'ఎందుకు'లోనే ఉంది.

ఒక్కడే 650 మంది

ముందు మన ఫోన్ సంగతి చూద్దాం. నిద్ర పట్టక 'స్లీప్' అనో, పరీక్షల ముందు 'ఫోకస్' అనో ప్లేలిస్ట్ పెట్టుకోని వాళ్లు ఈ రోజుల్లో తక్కువే. పెట్టుకున్న వాళ్లలో ఆ ట్రాక్ ఎవరు చేశారో చూసేవాళ్లు ఇంకా తక్కువ. చూసినా ఏం తెలుస్తుంది? ఎప్పుడూ వినని ఒక పేరు, ఒక కొండ ఫొటో, లక్షల్లో ప్లేలు.

స్వీడన్‌లో యోహాన్ రోర్ అని ఒక స్వరకర్త ఉన్నాడు. అక్కడి దినపత్రిక 'డాగెన్స్ నీహెటెర్' 2024 మార్చిలో ఆయన గురించి ఒక కథనం వేసింది. స్పాటిఫైలో ఆయనవి 2,700కు పైగా ట్రాక్‌లు ఉన్నాయి. అవన్నీ 650కి పైగా వేర్వేరు పేర్లతో ఉన్నాయి. మొత్తం కలిపి దాదాపు 1,500 కోట్ల సార్లు ప్లే అయ్యాయి. అంటే ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మంది విన్న వాళ్లలో ఒకడు, ఎవరికీ తెలియని వాడు. మీరూ వినే ఉంటారు, పేరు గుర్తుండి ఉండదు.

ఇందులో తప్పేముంది అంటారేమో. నేనూ తప్పనడం లేదు. పని చేశాడు, జనం విన్నారు. నన్ను కుదురుగా ఉండనివ్వంది ఇంకొకటి. ఒక్క మనిషి 650 మందిగా కనిపిస్తే మనకు తేడా తెలియలేదు. రేపు ఆ ఒక్క మనిషి కూడా లేకుండా, ఏఐ చేసిన మోతే ఆ ప్లేలిస్ట్‌లో ఉంటే తెలుస్తుందా? నిద్రకి ఏదైతేనేం అంటే, సరే, నిద్రకి ఏదైనా ఒకటే. మెలకువగా ఉన్నప్పుడు సంగతేంటి? మోత లోపల మనుషులున్నారో లేదో చెవి కనిపెట్టగలదా?

కనిపెట్టగలదనే నా నమ్మకం. దానికి కాస్త సాధన కావాలి. ఆ సాధనకు నాకు తెలిసి అన్నిటికంటే మంచి చోటు, పైన చెప్పిన లెక్కకు సరిగ్గా తిరగేసిన చోటు ఒకటుంది. అక్కడ నలుగురు కూర్చుని ఒక్కరిలా వినిపించారు.

హార్మోనియం కాదు, హార్మోనియా

జర్మనీలో వేజర్ అనే నది ఒడ్డున ఫోర్స్ట్ అని చిన్న పల్లె. అక్కడ ఒక పాతకాలపు పెద్ద ఇల్లు. 1971లో హన్స్-యోఆఖిమ్ రోడెలియుస్, డీటర్ మోబియుస్ అనే ఇద్దరు ఆ ఇంట్లో దిగారు. వీళ్లిద్దరి జట్టు పేరు క్లస్టర్. 1973లో మైకేల్ రోథర్ అనే గిటారిస్టు వచ్చి కలిశాడు. ముగ్గురూ కలిసి 'హార్మోనియా' అని పేరు పెట్టుకున్నారు. 1974లో ఒక ఆల్బమ్, 1975లో ఇంకో ఆల్బమ్ వేశారు. పెద్దగా అమ్ముడుపోలేదు.

వీళ్ల పూర్వాశ్రమం చూడండి. రోడెలియుస్ మసాజ్ చేసే పనితో బతికినవాడు. మోబియుస్ బొమ్మలు గీయడం నేర్చుకుంటూ వంటవాడిగా పనిచేశాడు. ముగ్గురిలో చేయి తిరిగిన వాద్యగాడు రోథర్ ఒక్కడే. కాబట్టి స్టేజీ మీద వేళ్ల వేగం చూపించి చప్పట్లు కొట్టించుకునే ఆటకి మొదటి నుంచీ అవకాశం లేదు. నాకు తెలిసి ఇదే వాళ్ల అదృష్టం.

ఇంగ్లండ్‌లో రాక్సీ మ్యూజిక్ అనే బ్యాండ్‌లో సింథసైజర్ వాయించి, బయటికొచ్చి సొంతంగా పాటలు చేసుకుంటున్న బ్రయన్ ఎనో వీళ్ల అభిమాని. 1974లో హాంబర్గ్‌లో వీళ్ల కచేరీకి వచ్చి, ఉండబట్టలేక స్టేజీ ఎక్కి వాళ్లతో కలిసి వాయించాడు. ఎప్పుడైనా మా ఊరు రా అన్నారు వాళ్లు. మనవాళ్లు 'తప్పకుండా వస్తాను' అంటే అర్థం తెలుసు కదా. ఎనో మాత్రం నిజంగానే వెళ్లాడు, రెండేళ్ల తర్వాత. 1976 సెప్టెంబరు. అప్పటికి హార్మోనియా దాదాపు విడిపోయినట్టే. అయినా నలుగురూ ఆ ఇంట్లో పదకొండు రోజులు ఉన్నారు. తిన్నారు, తిరిగారు, కబుర్లు చెప్పుకున్నారు, వాయించుకున్నారు. ఆల్బమ్ చేద్దామనే ప్లాన్ లేదు. రికార్డింగ్ కంపెనీ ఒప్పందం లేదు, డెడ్‌లైన్ లేదు. నాలుగు ట్రాక్‌ల టేప్ మెషీన్ ఒకటి తిరుగుతూ ఉంది, అంతే.

ఎనో ఆ టేపులు తనతో పట్టుకుపోయాడు. మళ్లీ కలిసి పూర్తి చేద్దామనుకున్నారు. కలవలేదు. ఆ టేపులు ఇరవై ఒక్క ఏళ్లు పెట్టెల్లోనే ఉండిపోయాయి. 1997లో 'ట్రాక్స్ అండ్ ట్రేసెస్' పేరుతో బయటికొచ్చాయి. 2009లో మరో మూడు ట్రాక్‌లు కలిపి మళ్లీ వేశారు.

అంటే ఏమిటి? మనం ఇప్పుడు వింటున్నది ఎవరి కోసమూ చేసింది కాదు. నలుగురు వాళ్లలో వాళ్లు వాయించుకుంటుంటే గోడ అవతల నుంచి వింటున్నాం. ఆ ఆల్బమ్‌లో 'సమ్‌టైమ్స్ ఇన్ ఆటమ్' అని పావుగంట దాటే ట్రాక్ ఒకటుంది. మా తమ్ముడి ఫోన్ హ్యాంగ్ అయిందనిపించింది దాంతోనే. అందులో ఒక్కసారి కూడా ఎవరూ ముందుకు తోసుకుని రారు. ఒక శబ్దం లేస్తుంది. దానికి చోటిస్తూ ఇంకొకటి తగ్గుతుంది. అది గిటారా, సింథా, ఆర్గనా అని తేల్చుకుందామని చూస్తే చేతికి చిక్కదు. రోథర్ గిటారునే సింథసైజర్‌లా నానబెట్టి సాగదీసి వాయిస్తాడు మరి.

అందరూ శ్రుతి పట్టేవాళ్లే

మనకి ఇది పూర్తిగా కొత్తేమీ కాదు, సగమే కొత్త. పెళ్లిలో సన్నాయి మేళం చూసే ఉంటారు. సన్నాయి వాయించే పెద్దాయన ముందుంటాడు. పక్కన డోలు. ఇంకో పక్కన ఒకాయన బుగ్గలు పూరించి ఒకే స్వరం పట్టుకుని ఊదుతూ ఉండేవాడు. శ్రుతి పట్టేవాడు. ముహూర్తం నుంచి అప్పగింతల దాకా ఆయన పని ఆ ఒక్క స్వరమే. ఈ మధ్య ఆయన స్థానంలో ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె వచ్చింది, ఇప్పుడు ఫోన్‌లో యాప్ కూడా వచ్చేసింది. కచేరీలో తంబూరా మీటే అమ్మాయీ అంతే. ఫొటోలో ఉంటుంది గానీ వార్తలో పేరుండదు.

హార్మోనియాలో సన్నాయి ఆయన లేడు. నలుగురూ శ్రుతి పట్టేవాళ్లే. నలుగురూ వెనకాలే కూర్చుంటే ముందు ఒక ఖాళీ స్థలం మిగులుతుంది కదా, ఆ స్థలం వినేవాడిది. పాట మనల్ని చేయి పట్టుకుని తీసుకెళ్లదు కాబట్టి మనమే లోపలికెళ్లి తిరగాలి. మొదటిసారి విన్నప్పుడు బోరు కొట్టేది అందుకే. తిరగడం మొదలుపెట్టేదాకా ఖాళీ గదే.

ఇక్కడ సింథసైజర్ గురించి ఒక మాట. సింథసైజర్ అంటే కరెంటును చప్పుడుగా మార్చే యంత్రం. ఒక భాగం మోత పుట్టిస్తుంది, ఒక భాగం ఆ మోతలో పదునైన అంచులు కోసి మెత్తగా చేస్తుంది, ఇంకో భాగం అది ఎంతసేపట్లో లేచి ఎంతసేపట్లో పడిపోవాలో చూస్తుంది. ఎనోకి బాగా అలవాటైన వీసీఎస్3 అనే మోడల్‌లో ఈ భాగాల్ని కలపడానికి వైర్లుండవు. చదరంగం బల్లలా ఒక చిన్న బోర్డు ఉంటుంది, గళ్లల్లో పిన్నులు గుచ్చాలి. ఒక్క పిన్ను పక్క గడిలో గుచ్చితే పిట్ట కూత కాస్తా లారీ హారన్ అయిపోతుంది. పైగా దీనికి మెమరీ లేదు. 'సేవ్' బటన్ లేదు. అన్ని నాబుల స్థానాలూ గుర్తుపెట్టుకునే సింథసైజర్ ప్రాఫెట్-5 వచ్చింది 1978లో. అంతకు ముందు వాయించిన వాళ్లు ఒక మంచి శబ్దం దొరికితే, ఉన్నంతసేపు దాని దగ్గర ఉండాల్సిందే. నాబు కదిపితే పోయినట్టే. కాగితం మీద రాసుకున్నా మర్నాడు అచ్చం అదే రాదు.

ఇప్పుడు ఆ గది ఊహించుకోండి. ఒకరికి ఒక శబ్దం దొరికింది. మళ్లీ రాదని నలుగురికీ తెలుసు. అప్పుడేం చేస్తారు? చెయ్యి వెనక్కి తీసుకుంటారు. వింటారు. ఆ ట్రాక్‌లలో 'ఏమీ జరగని' చోట్లలో జరుగుతున్నది అదే, మిగతా ముగ్గురు వింటున్నారు. టేపులో అది ఖాళీలా వినిపిస్తుంది. ఒక్కడే కూర్చుని ట్రాక్ మీద ట్రాక్ పేర్చినప్పుడు ఇలాంటి ఖాళీ నాకు అరుదుగా దొరికింది. తనకు తాను చోటిచ్చుకోవాల్సిన అవసరం ఎవరికీ ఉండదు కదా.

వేడెక్కితే శ్రుతి తప్పే యంత్రం

యంత్రం కూడా జట్టులో ఒక మనిషిలా ప్రవర్తించిన సందర్భం ఒకటుంది. బెర్లిన్ బ్యాండ్ టాంజరీన్ డ్రీమ్. ఎడ్గార్ ఫ్రోజ, క్రిస్టఫర్ ఫ్రాంక, పీటర్ బౌమన్ ముగ్గురు. 1973 చివర్లో ఇంగ్లండ్‌లోని ఒక స్టూడియోలో 'ఫేడ్రా' రికార్డ్ చేశారు. ఫ్రాంక దగ్గర మూగ్ సింథసైజర్, దానికో సీక్వెన్సర్ ఉన్నాయి. సీక్వెన్సర్ అంటే ఇచ్చిన స్వరాల వరసను తిప్పి తిప్పి వాయించే యంత్రం. ఆ కాలపు సింథసైజర్లకు ఒక జబ్బు ఉంది. లోపలి పార్టులు వేడెక్కే కొద్దీ శ్రుతి జారిపోతుంది. టైటిల్ ట్రాక్‌లో ఆ బాస్ వరస మెల్లగా జారుతుంటే మీకు వినిపిస్తుంది. చెరిపేసి మళ్లీ రికార్డ్ చెయ్యొచ్చు. చెయ్యలేదు. అలాగే ఉంచి, మిగతా వాళ్లు దాని వెంట నడిచారు. ఆ ఆల్బమ్ 1974లో బ్రిటన్ చార్టుల్లో 15వ స్థానం దాకా ఎక్కింది. ఇప్పుడు ఫోన్‌లో ఆటో ట్యూన్ నొక్కితే సెకనులో సరిచేసేస్తుంది. సరిచేస్తే ఆ ట్రాక్‌లో మిగిలేది పాత కంప్యూటర్ గేమ్ మ్యూజిక్.

ఇంకో జంట. హరాల్డ్ బడ్ అనే అమెరికన్, మళ్లీ మన ఎనో. 1980లో వచ్చిన 'ద ప్లాటో ఆఫ్ మిర్రర్'. బడ్ పియానో దగ్గర కూర్చుంటాడు. ఎనో ఆ పియానో శబ్దాన్ని యంత్రాల గుండా పంపి మార్చేస్తుంటాడు. మారిన శబ్దమే బడ్‌కి వినిపిస్తుంది. దాన్ని బట్టి ఆయన తర్వాతి స్వరం నొక్కుతాడు. నొక్కింది ఒకడు, వినిపించింది ఇంకొకడిది. దానికి జవాబు మళ్లీ మొదటివాడిది. ఇందులో ఏ స్వరం ఎవరిది అంటే కోర్టుకెళ్లినా తేలదు. మొదటిసారి వినేవాళ్లకి నేను ఇదే చెబుతాను, ఎందుకంటే పియానో ఉంది, చెవికి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ఈ సంగీతం మీద జోకులు కూడా ఉన్నాయి. అందులో ఒకటి నిజంగా జరిగింది. రాబర్ట్ ఫ్రిప్ అనే గిటారిస్టు, ఎనో కలిసి 1973లో ఒక ఆల్బమ్ వేశారు. రెండు టేప్ మెషీన్లు పక్కపక్కన పెట్టి, మొదటిదాంట్లో రికార్డయిన టేపు సాగి రెండోదాంట్లో మోగేలా, మోగింది మళ్లీ మొదటిదాంట్లోకి వెళ్లేలా కలిపారు. వాయించిన ప్రతి స్వరం కొన్ని సెకన్ల తర్వాత తిరిగొచ్చి కొత్త స్వరంతో కలుస్తుంది. బీబీసీ రేడియోలో జాన్ పీల్ అనే పెద్ద డీజే దీన్ని ప్రసారం చేశాడు. టేపు తిరగేసి పెట్టారు. అంటే చివర్నుంచి మొదటికి మోగింది. ఎనో ఫోన్ చేసి చెప్పబోయాడు గానీ అక్కడ ఎవరూ పట్టించుకోలేదట. 2008లో ఆల్బమ్ మళ్లీ వేసినప్పుడు, తిరగేసిన వెర్షన్ కూడా అధికారికంగా కలిపేశారు. తిట్టేవాళ్లకి ఇంతకంటే మంచి ఆయుధం దొరకదు. వెనక్కి తిప్పినా తేడా తెలియని దాన్ని సంగీతం అంటారా అని. నేనైతే రెండూ విన్నాను. తిరగేస్తే ప్రతి స్వరం పీల్చుకున్న ఊపిరిలా లోపలికి పోతుంది. సరిగ్గా పెడితే వదిలిన ఊపిరిలా బయటికొస్తుంది. కాస్త ఆగి వింటే ఈ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

పేరెవరిది?

ఈ పాటికి మీరు గమనించే ఉంటారు, దాదాపు ప్రతి కథలోనూ ఎనో ఉన్నాడు. అక్కడే నాకో పేచీ ఉంది.

1977లో ఎనో మళ్లీ జర్మనీ వెళ్లాడు. ఈసారి కొలోన్ దగ్గర కోనీ ప్లాంక్ స్టూడియోకి. రోడెలియుస్, మోబియుస్, ఎనో. ఆ రికార్డే 'క్లస్టర్ అండ్ ఎనో'. ముప్పావు వంతు వాళ్ల ధోరణే. ఆ ఇద్దరూ అప్పటికి ఆరేడేళ్లుగా ఇదే పని చేస్తున్నారు. కానీ ఇప్పుడు నెట్‌లో వెతికినా, ఎవరితో మాట్లాడినా అది 'ఎనో ఆల్బమ్'. అదే ఏడాది ఎనో సొంత ఆల్బమ్‌లో 'బై దిస్ రివర్' అనే చిన్న పాట వచ్చింది. ముగ్గురూ కలిసి చేసిందే, ముగ్గురి పేర్లూ రాసిందే. 2001లో ఒక ఇటాలియన్ సినిమాలో వాడాక చాలామందికి చేరింది. ఆ పాట ఇష్టపడేవాళ్లని రోడెలియుస్ ఎవరని అడిగి చూడండి.

ఎనో దొంగిలించాడని కాదు. ఆయన చాలాసార్లు వాళ్ల పేరు చెప్పాడు, పొగిడాడు. సమస్య మన దగ్గరే ఉంది. శబ్దం ఎవరిదో తెలియనప్పుడు మనకు తెలిసిన పేరుకి మొత్తం రాసిచ్చేస్తాం. బాగా కలిసిపోయినవాడే కనిపించకుండా పోతాడు. స్ట్రీమింగ్‌లో ఇది ఇంకా ముదిరింది. క్రెడిట్స్ చూడాలంటే మూడు చుక్కలు నొక్కి, కిందికి జరిపి, ఇంకోటి నొక్కాలి. పాత రికార్డు అట్ట మీదైతే బాస్ వాయించినవాడి పేరు కూడా వెనకాల ఉండేది. 'క్లస్టర్ అండ్ ఎనో' మొదటి ట్రాక్ 'హో రెనోమో'లో బాస్ వాయించింది హోల్గర్ చుకాయ్, 'కాన్' అనే బ్యాండ్ మనిషి. చాలా కొద్ది స్వరాలే. అవి తీసేస్తే ట్రాక్ నేల లేని ఇల్లయిపోతుంది.

మన దేశంలో ఈ మరపు ఇంకా పెద్దది. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడు వచ్చి, మూగ్ సింథసైజర్‌తో ఒక ఎలక్ట్రానిక్ స్టూడియో పెట్టించాడు. హార్మోనియా పుట్టడానికి నాలుగేళ్ల ముందన్నమాట. దీని వెనక ఉన్న మనిషి గీతా సారాభాయ్. పఖావజ్ నేర్చుకున్న ఈవిడ 1946లో న్యూయార్క్‌లో జాన్ కేజ్‌కి మన సంగీతం చెప్పి, బదులుగా ఆయన దగ్గర అక్కడి సంగీతం నేర్చుకున్నారు. నిశ్శబ్దాన్ని కూడా సంగీతంగా వినమన్న ఆ కేజ్ లేకుండా ఎనో తరం లేదు. ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా లాంటివాళ్లు అహ్మదాబాద్ స్టూడియోలో పనిచేశారు. 1972 తర్వాత ఆ టేపులు అరల్లోకి వెళ్లిపోయాయి. బ్రిటన్ నుంచి వచ్చిన పాల్ పర్గస్ అనే సంగీతకారుడు వాటిని వెతికి తీశాడు. 2023లో 'ద ఎన్ఐడీ టేప్స్' పేరుతో ఆల్బమ్‌గా వచ్చాయి. విని చూడండి. కొన్ని ముక్కలు ప్రయోగాల నోటుపుస్తకంలా ఉంటాయి, అన్నీ అద్భుతం అని నేననను. కానీ శ్రుతి ఎరిగిన చెవి ఒకటి ఆ యంత్రం ముందు కూర్చుందని తెలిసిపోతుంది.

సరే, ఎలా వినాలి?

ఫోన్ స్పీకర్ మీద వద్దు. అందులో కింది శబ్దం మొత్తం పోతుంది, మిగిలేది దోమ మోత. ఖరీదైన హెడ్‌ఫోన్స్ అక్కర్లేదు, ఫోన్‌తో వచ్చిన మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ చాలు. ఈక్వలైజర్‌లో 'బాస్ బూస్ట్' లాంటివి తీసేయండి. ఒక ట్రాక్ చివర్ని ఇంకోదాంతో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆప్షన్ ఉంటే అదీ ఆపేయండి, వీళ్లకి ముగింపులు చాలా ముఖ్యం. వాల్యూమ్ మాత్రం మీరు అనుకున్నదానికంటే తక్కువ పెట్టండి. పక్కగదిలో ఎవరో మాట్లాడుతుంటే చెవి దానంతటదే అటు తిరుగుతుంది చూడండి, ఆ మోతాదు.

'హో రెనోమో'తో మొదలుపెట్టండి. ఐదు నిమిషాల చిల్లర. మొదటిసారి ఏమీ వెతక్కుండా వినండి. రెండోసారి ఒక్క శబ్దాన్నే పట్టుకోండి, కీబోర్డు వరస అనుకోండి. మిగతావి ఏం చేస్తున్నా దాన్ని వదలొద్దు. మూడోసారి బాస్‌ని పట్టుకోండి. ఎప్పుడొచ్చాడు, ఎప్పుడాగాడు, ఆగినప్పుడు మిగతావాళ్లు ఏం చేశారు. ఇక్కడే నాకు ఎప్పుడూ సరదా వేస్తుంది. ఒకడు ఆగగానే ఇంకొకడు ఆ ఖాళీలోకి దూరిపోడు. కాసేపు అలా వదిలేస్తారు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటిది ఎప్పుడైనా చూశారా?

అది కుదిరాక బడ్, ఎనోల దగ్గరికి. తర్వాత 'ఫేడ్రా'. అన్నీ నచ్చాలని లేదు. నాకే ఈ రకంలో చాలా ఆల్బమ్‌లు నచ్చవు. రిలాక్సేషన్ పేరుతో వచ్చే వాటిలో సగం సబ్బు వాసన వేస్తాయి. హార్మోనియా టేపుల్లో కూడా ఒకటి రెండు ట్రాక్‌లు, నలుగురూ భోంచేసి నిద్ర ఆపుకుంటూ వాయించినట్టుంటాయి.

వాయించాలనిపిస్తే అదీ చెయ్యొచ్చు. ఎనో, పీటర్ చిల్వర్స్ కలిసి 2008లో 'బ్లూమ్' అని ఒక యాప్ చేశారు. తెర మీద వేలు పెడితే ఒక స్వరం, ఒక రంగు చుక్క. అది కాసేపటికి తిరిగొస్తుంది, వచ్చిన ప్రతిసారీ కొంచెం పల్చబడుతుంది. మొదట ఐఫోన్‌కే ఉండేది, 2018లో వచ్చిన కొత్త వెర్షన్ ఆండ్రాయిడ్‌లో కూడా ఉంది. డబ్బులు పెట్టి కొనాలి. కొన్నవాడి ఫోన్ బల్ల మీద పెట్టి ఇద్దరు చెరో వేలు వాడండి. రెండు నిమిషాల్లో మీ ఫ్రెండ్ గురించి ఒకటి తెలిసిపోతుంది, వాడు ఆగగలడా లేదా అని.

'సమ్‌టైమ్స్ ఇన్ ఆటమ్' మాత్రం చివరికి ఉంచుకోండి. రాత్రి, లైటు తీసేసి, నోటిఫికేషన్లు ఆపేసి. వీలైతే ఫ్యాన్ కూడా ఆపండి. మే నెలలో మన ఊళ్లలో ఐదు నిమిషాలు దాటి ఉండలేరని తెలుసు. చెమట పడితే వేసుకోండి, మూడో నంబరులో. ఆ ఫ్యాన్ మోత ట్రాక్‌లో బాగానే కలుస్తుంది, నేను చూశాను. ఐదో వాద్యం అనుకోవచ్చు.